సైట్లో ఎక్కించారు సరే, వెతికితే కనబడాలి కదా!

సంపాదకులు గారికి నమస్కారం.

ఆన్‌లైన్‌లో అమ్ముకోవడం ఎలాగో డ్వాక్రా మహిళలకు, చేతిపనివాళ్ళకు శిక్షణ ఇచ్చారనే వార్తలు మన జిల్లా పేజీల్లో తరచూ చూస్తుంటాను. ఫోటోలో అందరూ ఫోన్లు పట్టుకుని ఉంటారు, ఇంతమంది అకౌంట్లు తెరిచారు, సరుకు సైట్లో ఎక్కించారు అని రాస్తారు. మంచి పనే, కాదనను. కానీ వార్త అక్కడితో ఆగిపోతుంది, శిక్షణ కూడా అక్కడితోనే ఆగిపోతుంది. ఎక్కించిన సరుకు కొనేవాళ్ళు వెతికినప్పుడు కనబడుతోందా లేదా అని తర్వాత ఒక్కరూ అడగరు. కనబడకపోతే ఎందుకు కనబడలేదో చెప్పే మనిషి మాకు దొరకడు. ఈ ఉత్తరం దాని గురించే, కాస్త పొడుగైనా వేయమని మనవి.

మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి. దుర్గం కింద ఉన్న మా ఊళ్ళో చెక్కతో గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చేస్తారని చాలామందికి తెలుసు. జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు, కూడా వచ్చిన పని ఇది. చేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, చాలామంది ఇళ్ళలో ఉర్దూ మాట్లాడతారు, తెలుగు బాగా వచ్చు, ఇంగ్లీషు రాదు. నాకు కంప్యూటర్ పని కొంచెం తెలుసు కాబట్టి వాళ్ళలో కొందరికి ఫోటోలు, లిస్టింగులు (సైట్లో ఒక్కో సరుక్కి పెట్టే పేజీలు), ఆర్డర్ల పని చూసిపెడుతుంటాను. వాళ్ళు నన్ను రోజూ అడిగేది ఒకటే. "యేమ్మా, హైదరాబాద్‌లో మా చెల్లెలు కూతురు వెతికిందంట, మన గరిటె ఎక్కడా కనబళ్ళేదంట, తీసేసినారా యేంది?"

తీసెయ్యలేదు. అకౌంట్లోకి వెళ్తే సరుకు అక్కడే ఉంటుంది, ధర ఉంటుంది, ఫోటో ఉంటుంది. అందుకే అసలు సంగతి ఎవరికీ అర్థం కాదు. కనబడటం లేదు అనగానే అందరూ చేసే మొదటి పని రేటు తగ్గించడం. చేతితో చెక్కి, నునుపు చేసి, నూనె పట్టించిన గరిటె మీద వచ్చేదే తక్కువ, అందులో ఇరవై రూపాయలు తగ్గిస్తే చేసిన మనిషికి మిగిలేదేముంది? పైగా కనబడని సరుకు రేటు ఎంత తగ్గిస్తే మాత్రం ఎవరికి తెలుస్తుంది? గోనెపట్టా కప్పిన కొట్టు ముందు నిలబడి డిస్కౌంట్ అని అరిచినట్టు ఉంటుంది. ముందు జబ్బేదో తెలుసుకోవాలి. దానికి పెద్ద చదువు అక్కర్లేదు, ఎవరైనా ఐదు నిమిషాల్లో చూసుకోవచ్చు, అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ప్రతి సరుక్కీ సైటు ఒక నంబర్ ఇస్తుంది, అమెజాన్‌లో అయితే దాన్ని ఏసిన్ అంటారు. వేరేవాళ్ళ ఫోన్లో, మీ అకౌంట్ లాగిన్ లేకుండా, సెర్చ్ పెట్టెలో ఆ నంబర్ ఒక్కటే కొట్టి చూడండి. సరుకు రాలేదంటే లిస్టింగే ఆగిపోయి ఉంది, సైటు దాన్ని సెర్చ్‌లోంచి పక్కన పెట్టేసింది. నంబర్ కొడితే వస్తోంది అనుకోండి, అప్పుడు అదే నంబర్ పక్కన కొనేవాళ్ళు వాడే మాట, ఉదాహరణకు ఉడెన్ స్పాచులా అని, కలిపి కొట్టండి. ఇప్పుడు రాకపోతే ఆ మాటకూ మీ సరుక్కూ సైటు దృష్టిలో సంబంధం లేదన్నట్టు. కలిపి కొట్టినా వస్తోంది, కానీ నంబర్ లేకుండా ఉత్త మాట కొడితే మాత్రం ఎంత కిందికి వెళ్ళినా దొరకడం లేదు అంటే, లిస్టింగ్ బాగానే ఉంది, వరసలో బాగా వెనకబడి ఉంది. ఈ మూడూ మూడు వేరే సమస్యలు, మూడింటికీ మందు వేరు. శిక్షణలో ఈ ఒక్క ముక్క చెప్పినా చాలామంది అనవసరంగా రేట్లు తగ్గించుకోకుండా ఉండేవాళ్ళు.

లిస్టింగ్ ఆగిపోవడానికి ఎక్కువగా కారణం ఫోటో. మనవాళ్ళు గరిటెని చాప మీదో, స్టీలు పళ్ళెంలోనో పెట్టి తీస్తారు, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ మొదటి ఫోటోకి వెనుక పూర్తి తెలుపు ఉండాలనీ, సరుకు ఫోటోలో 85 శాతం నిండాలనీ అమెజాన్ నియమం. ఆ చాప ఫోటో రెండో ఫోటోగానో మూడో ఫోటోగానో పెట్టుకోవచ్చు, మొదటిదిగా కుదరదు. టైటిల్‌తో కూడా వస్తుంది చిక్కు. 2025 జనవరి నుంచి అక్కడ చాలా రకాల సరుకులకి టైటిల్ 200 అక్షరాలు దాటకూడదు, ఒకే మాట రెండుసార్ల కంటే ఎక్కువ రాకూడదు. పాత పద్ధతిలో స్పూన్, ఉడెన్ స్పూన్, కిచెన్ స్పూన్, కుకింగ్ స్పూన్ అని వరసపెట్టి రాసినవాళ్ళు ఇప్పుడు ఒకసారి వెనక్కి వెళ్ళి చూసుకోవడం మంచిది.

అసలు పెద్ద ఇబ్బంది క్యాటగిరీ దగ్గర, దాని కింద నింపే గడుల దగ్గర ఉంది. మా గరిటెల్లో కొన్నిటిని ఎక్కించినవాళ్ళు, చేతిపని కదా అని, షోపీస్‌ల కింద పెట్టారు. వంటగదిలోకి గరిటె కావాలని వెతికే మనిషి షోపీస్‌ల వైపు ఎందుకు వస్తాడు? సైటు కూడా వంటసామాను వెతికేవాళ్ళకి షోపీస్ చూపించదు. క్యాటగిరీ మార్చాలంటే కొన్నిసార్లు మనంతట మనం మార్చలేం, సైటు వాళ్ళకి అర్జీ పెట్టుకోవాలి. కాబట్టి మొదట్లోనే సరిగ్గా పెట్టడం అన్నది చాలా ముఖ్యం.

గడుల సంగతి ఇంకా బాధ. మెటీరియల్ ఏంటి, ఏ చెక్క, రంగు, పొడవు, ఎన్ని పీసులు, డిష్‌వాషర్‌లో వేయొచ్చా, నాన్‌స్టిక్‌కి పనికొస్తుందా అని అడుగుతుంది. మనవాళ్ళు నక్షత్రం గుర్తు ఉన్నవి మాత్రం నింపి మిగతావి ఖాళీగా వదిలేస్తారు. ఖాళీగా వదిలితే తప్పేముంది అనుకుంటారు. కొనేవాళ్ళు పక్కన ఫిల్టర్‌లో 'నాన్‌స్టిక్‌కి పనికొచ్చేవి' అని టిక్ పెట్టగానే ఆ గడి నింపని సరుకు మాయమైపోతుంది. నాన్‌స్టిక్ పెనం గీతలు పడకుండా ఉండటానికే కదా జనం చెక్క గరిటె కొనేది! ఏ కారణంతో మా సరుకు కొంటారో ఆ కారణం దగ్గరే మేం కనబడకుండా పోతున్నాం.

ఏ చెక్క అని అడిగే చోట ఇచ్చే జాబితాలో టేకు, షీషమ్, వెదురు లాంటివి ఉంటాయి. మా దగ్గర వాడే నర్ది చెక్క అందులో ఉండదు. అప్పుడు ఇతరములు అని పెట్టాలి, లేదంటే టేకు అని అబద్ధం పెట్టాలి. టేకు అని పెడితే కనబడుతుంది అని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. నేను మాత్రం వద్దనే చెబుతాను, కొన్నవాళ్ళు టేకు కాదని తిప్పి పంపిస్తే ఆ రిటర్న్ ఖర్చూ మనదే, రిటర్న్‌లు పెరిగితే వరసలో ఇంకా వెనక్కే పోతాం, అన్నిటికంటే జీఐ గుర్తింపు ఉన్న ఊరి సరుక్కి వేరే చెక్క పేరు పెట్టడం నాకు అస్సలు నచ్చదు. ఇతరములు అని పెట్టి, వివరణలో నర్ది చెక్క గురించి రాయడమే ఉన్నవాటిలో మంచిది. కానీ జీఐ ఉన్న సరుక్కి దాని సొంత చెక్క పేరు జాబితాలో ఉండేలా చూడాల్సింది ఎవరు? ఒక్కో గరిటె చేసుకునే మనిషి వెళ్ళి సైటు వాళ్ళని అడగగలదా? ఇది అధికారులు, చేతివృత్తుల సంస్థలు అడగాల్సిన మాట.

మాటల విషయానికొస్తే, ఉదయగిరి అని టైటిల్ మొదట్లో పెట్టడం మనకి గర్వమే గానీ బెంగళూరులో ఉన్న అమ్మాయి ఉదయగిరి అని వెతకదు, నాన్‌స్టిక్‌కి చెక్క గరిటెల సెట్ అని వెతుకుతుంది. అందుకని సరుకు ఏంటో, దేనికి పనికొస్తుందో, ఎన్ని పీసులో ముందు రాసి, ఊరి పేరు ఆ వెనుక తప్పకుండా రాయాలి. ఊరి పేరు తీసెయ్యమని మాత్రం నేను చెప్పను, తెలిసినవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేది ఆ పేరుతోనే.

తెలుగులో రాయొచ్చా అని చాలామంది అడుగుతారు. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ రెండూ 2020లోనే తెలుగులో యాప్ తెచ్చాయి, బాగానే ఉంది. అయితే కొనేవాళ్ళకి కనబడకుండా వెనుక ఇచ్చే సెర్చ్ పదాల గడి ఒకటి ఉంటుంది, దానికి ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దుని అమెజాన్ అక్షరాల్లో కాకుండా బైట్లలో, అంటే కంప్యూటర్లో ఆ మాట పట్టే చోటుని బట్టి, కొలుస్తుంది. ఇంగ్లీషు అక్షరం ఒకటికి ఒక బైట్. తెలుగుకి అలా కాదు, అక్షరానికి మూడు, గుడో దీర్ఘమో పెడితే దానికి మళ్ళీ మూడు. గరిటె అనే మాట తెలుగులో రాస్తే 15 బైట్లు, అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 6. హద్దు దాటితే మనం ఇచ్చిన పదాలు పట్టించుకోకపోవచ్చు, ఆ సంగతి పెద్ద అక్షరాలతో మనకి చెప్పేవాళ్ళు కూడా ఉండరు. కాబట్టి ఆ గడిలో ఇంగ్లీషు అక్షరాలతో గరిటె, తెడ్డు, అట్లకాడ లాంటి మన మాటలు జనం టైప్ చేసే స్పెల్లింగుల్లో రాసుకుని, తెలుగు లిపిలో ముఖ్యమైనది ఒకటో రెండో పెట్టుకుంటే సరిపోతుంది. టైటిల్‌లో ఉన్న మాటలే ఇక్కడ మళ్ళీ రాయడం దండగ.

ఇంకో కారణం ఉంది, దీని గురించి ఎక్కడా చెప్పగా వినలేదు. 2023 అక్టోబర్ 1 నుంచి చిన్న వ్యాపారులు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండా, ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకుని ఆన్‌లైన్‌లో సరుకు అమ్ముకోవచ్చని వెసులుబాటు ఇచ్చారు. నిజంగా మేలు చేసిన మార్పు. మన రాష్ట్రంలో ఏడాదికి 40 లక్షల లోపు సరుకు అమ్మేవాళ్ళకి వర్తిస్తుంది. కానీ దీంట్లో ఒక షరతు ఉంది, సొంత రాష్ట్రం లోపలే అమ్మాలి. నెల్లూరు నుంచి చెన్నై మూడు నాలుగు గంటల దారి, అయినా అది వేరే రాష్ట్రం. హైదరాబాద్ వేరే రాష్ట్రం, బెంగళూరు వేరే రాష్ట్రం. మన పిల్లలందరూ ఉద్యోగాలకి వెళ్ళి ఉన్న ఊళ్ళు అవే. మొదట్లో చెప్పానే, ఆవిడ చెల్లెలు కూతురు హైదరాబాద్‌లో ఎంత వెతికినా దొరక్కపోవడానికి కారణం ఇదే కావొచ్చు, ఫోటో బాగున్నా టైటిల్ బాగున్నా అక్కడి పిన్‌కోడ్‌కి మన సరుకు అమ్మకానికి లేదు. శిక్షణలో, జీఎస్టీ అక్కర్లేదమ్మా అని ధైర్యం చెప్పి అకౌంట్ తెరిపిస్తారు గానీ, అప్పుడు బయటి రాష్ట్రాల్లో అమ్మలేరమ్మా అని ఆ పక్క వాక్యం చెప్పరు. ఏది కావాలో మనిషి తేల్చుకోవాలంటే రెండు వాక్యాలూ చెప్పాలి కదా.

స్టాక్ అయిపోయి కొన్నాళ్ళు సున్నా చూపిస్తే వరసలో వెనకబడతాం, మళ్ళీ పైకి రావడానికి టైం పడుతుంది. చేతితో చేసే సరుక్కి ఇది తప్పదు, పండగ రోజుల్లో, చెక్క దొరకని రోజుల్లో పని ఆగుతుంది. ఇక కొరియర్ పికప్ సరిగ్గా లేని మా లాంటి ఊళ్ళ నుంచి పార్శిల్ చేరడానికి ఎక్కువ రోజులు చూపిస్తుంది, ఆ పక్కనే రేపే వస్తుంది అని ఉన్న సరుకు కనబడితే జనం దాన్నే నొక్కుతారు, నొక్కినవీ కొన్నవీ పైకి పోతాయి. ఉదయగిరి నుంచి నెల్లూరు సుమారు వంద కిలోమీటర్లు. నాలుగు గరిటెల కోసం అంత దూరం ఎవరెళ్తారు? నలుగురూ కలిసి సరుకు ఒకచోట చేర్చి నెల్లూరులోనో ఒంగోలులోనో గోడౌన్ వసతితో పంపించే ఏర్పాటు ఉంటే చాలా తేడా వస్తుంది. ఇది మా ఒక్క ఊరి గొడవ కాదు, మార్కాపురం పలకలు చేసేవాళ్ళకైనా, ఊరగాయలు, కాజాలు పంపించే గ్రూపులకైనా ఇదే తంటా.

ఈ కారణాలన్నీ నేను రాసినంత సులువుగా దొరకవు. మా సరుకు ఒకటి ఉన్నట్టుండి సెర్చ్‌లో కనబడటం మానేస్తే, ఒక పెద్ద సైటు వాళ్ళకి కంప్లైంట్ పెట్టాం. జవాబు ఇంగ్లీషులో వచ్చింది, మీ లిస్టింగ్ మా నియమాలకి అనుగుణంగా లేదు, సరిచేసుకోండి అని. ఏ నియమం? చెప్పలేదు. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే జవాబు, పేరు మాత్రం వేరే మనిషిది. ఆ ఉత్తరం చదివి వినిపిస్తే గరిటెలు చేసే పెద్దావిడ, నేనేం తప్పు చేశానమ్మా అని అడిగింది. ఆవిడ చేసిన తప్పేం లేదు, ఎవరో ఒకరు ఫలానా గడి ఖాళీగా ఉంది అని తెలుగులో ఒక్క వాక్యం రాసి ఉంటే ఆ రోజే సరిపోయేది. తెలుగులో కొనుక్కోమని యాప్ పెట్టినవాళ్ళు, అమ్మేవాళ్ళకి తప్పేంటో తెలుగులో చెప్పలేరా?

ఇదేదో మేం దయ కోసం అడగడం కాదు. 2020 జులైలో కేంద్రం తెచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల్లో అయిదో నియమం చూడండి. సరుకుల్ని, అమ్మేవాళ్ళని ఏ వరసలో చూపించాలో తేల్చే ముఖ్యమైన అంశాలేంటో, వాటిలో దేనికి ఎంత ప్రాధాన్యమో, మార్కెట్‌ప్లేస్ సైట్లు అందరికీ అందుబాటులో, సులభంగా అర్థమయ్యే భాషలో చెప్పాలని అందులో ఉంది. కొనేవాళ్ళ మేలు కోసం వచ్చిన నియమమే, కానీ అమ్మేవాళ్ళకి కూడా అంతే అవసరం. ఉదయగిరిలో గరిటె చెక్కే మనిషికి సులభంగా అర్థమయ్యే భాష ఏది? ఇంగ్లీషు అయితే కాదు. మన ఎంపీలు, కలెక్టర్లు ఈ ఒక్క మాట పట్టుకుని అడగొచ్చు.

ఈ ఖాళీలోకే బ్రోకర్లు దూరుతున్నారు. మీ ప్రొడక్ట్ ఫస్ట్ పేజీలో పెడతాం, గ్యారంటీ అని ఫోన్లు వస్తాయి. కొందరు డబ్బులడుగుతారు, కొందరు లాగిన్, ఓటీపీ అడుగుతారు. ఫస్ట్ పేజీ గ్యారంటీ ఇవ్వడం ఎవరి వల్లా కాదు, పైన వచ్చే వాటిలో చాలావరకు స్పాన్సర్డ్ అని రాసి ఉన్న యాడ్‌లే. ఓటీపీ ఇచ్చి డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఇంకొందరు రివ్యూలు అమ్ముతామంటారు. వాటి జోలికి వెళ్ళొద్దు, దొంగ రివ్యూలు పట్టుబడితే లిస్టింగ్ మాత్రమే కాదు అకౌంటే పోవచ్చు. రివ్యూలు ఎలా ఉండాలో 2022లో బీఐఎస్ (సరుకులకి ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ) 'ఐఎస్ 19000' అని ప్రమాణం కూడా తెచ్చింది. అలాగే మీరు డబ్బు పెట్టి యాడ్ వేసి ఉంటే దాన్ని మీరే నొక్కి చూసుకోకండి, క్లిక్‌కి ఇంత అని మీ డబ్బే పోతుంది.

అధికారుల్ని నేను కోరేది పెద్దదేం కాదు. శిక్షణ ఇచ్చిన నెల తర్వాత అదే మనుషుల్ని మళ్ళీ పిలవండి, లేదా మా ఊరికే రండి, ఎక్కించిన ప్రతి సరుకునీ అందరి ముందు వెతికి చూడండి. ఎన్ని అకౌంట్లు తెరిచారు అని రిపోర్టులో రాసే చోటే, ఎన్ని సరుకులు సెర్చ్‌లో దొరుకుతున్నాయి, ఎన్నిటికి కనీసం ఒక ఆర్డర్ వచ్చింది అని కూడా రాయండి. సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లు ఉన్నారు, చదువుకున్న పిల్లలు, వాళ్ళలో మండలానికి ఒక్కరికి ఈ పని నేర్పించినా మాకు అడిగే చోటు దొరుకుతుంది. జిల్లా పరిశ్రమల కేంద్రం సైటు వాళ్ళతో నేరుగా మాట్లాడగలదు కాబట్టి, మా నర్ది చెక్క పేరు జాబితాలో చేర్పించడం, క్యాటగిరీ తప్పుగా పడిన సరుకులన్నిటినీ ఒకేసారి మార్పించడం లాంటివి వాళ్ళు మీద వేసుకోవాలి.

మీ పేపర్‌కి కూడా ఒక విన్నపం. జిల్లా పేజీలో వారానికి ఒక చిన్న పెట్టెలో, ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు పంపిన ప్రశ్న ఒకటి, తెలిసినవాళ్ళ జవాబు ఒకటి వేయండి. మొదటి వారానికి ప్రశ్న నేనే పంపిస్తున్నాను. ఎన్‌రోల్‌మెంట్ నంబర్ మీద అమ్ముతున్న మనిషి జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కి మారితే పాత లిస్టింగులు, వాటికొచ్చిన రివ్యూలు అలాగే ఉంటాయా, మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాలా? మా గ్రూపులో ముగ్గురు దీని కోసమే ఆగి ఉన్నారు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఉదయగిరి, నెల్లూరు జిల్లా